హుడ్ కింద గంటన్నర

(టెక్సస్‌లోని ప్లేనోలో, తెలుగు కుటుంబాల నెలవారీ కలయికలో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. పోయిన నెల నన్ను పిలిచినప్పుడు "పైలట్ లైసెన్స్ ఎలా తెచ్చుకోవాలి, ఎంత ఖర్చవుతుంది, అవి చెప్పండమ్మా" అన్నారు. వాటికి పది నిమిషాలు చాలు, చివర్లో టీ తాగుతూ మాట్లాడుకుందాం. ఈ సాయంత్రం నేను ఒకే ఒక్క పాఠం గురించి చెప్తాను. 2019 జులైలో ఒక శనివారం మధ్యాహ్నం, మెకినీ విమానాశ్రయంలో బయల్దేరి మళ్లీ అక్కడే దిగిన గంటన్నర. ఆ గంటన్నరలో చేసిన పని ఒక్కటీ సరిగ్గా రాలేదు. దిగాక కార్లో కూర్చుని ఏసీ వేసుకున్నాను, చాలాసేపు ఇంటికి బయల్దేరలేకపోయాను.

అప్పటికి నాకు ప్రైవేట్ పైలట్ లైసెన్స్ వచ్చి ఏడాది దాటింది. ఆ లైసెన్స్ ఒక్కటే ఉంటే బయట కనిపిస్తున్నంతసేపే ఎగరాలి. మబ్బులోకి పోకూడదు. పోవాలంటే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ కావాలి. అమెరికాలో దానికి కనీసం 40 గంటలు బయటకి చూడకుండా, లోపలున్న మీటర్లు మాత్రమే చూస్తూ నడిపి ఉండాలి. ఆ 40 గంటల్లో ఎక్కువ భాగం నిజం మబ్బులో జరగదు. నెత్తిన హుడ్ పెడతారు. పొడుగాటి ప్లాస్టిక్ ముక్క, గుర్రానికి కట్టే గంతల్లాంటిది. మీటర్ల పలక తప్ప ఇంకేమీ కనిపించదు. పక్క సీట్లో ఇన్‌స్ట్రక్టర్ కూర్చుని, వేరే విమానాలేవైనా వస్తున్నాయేమోనని బయటకి చూస్తూ ఉంటుంది.

మా అమ్మ తెనాలిలో ఉంటుంది. ఇది మొదలుపెట్టానని ఫోన్లో చెప్పగానే "మబ్బుల్లోకా?" అని ఆగిపోయింది. మనవాళ్లకి ఆ మాట వింటే 2009 సెప్టెంబర్ 2 గుర్తొస్తుంది. బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకి బయల్దేరిన ముఖ్యమంత్రి హెలికాప్టర్, నల్లమల అడవి, ఆ వాన. ఆ రోజు టీవీ ముందు నుంచి లేవని ఇళ్లు ఎన్నో. అమ్మ ఆ సంగతి ఎత్తలేదు. "జాగ్రత్తమ్మా" అంది, అంతే.

మబ్బులో ప్రమాదం అంటే కొండ తగులుతుందని, ఇంకో విమానం ఎదురొస్తుందని అనుకుంటాం. వాటికన్నా ముందు వచ్చే ప్రమాదం మన చెవిలోనే ఉంది. లోపలి చెవిలో మూడు సన్నటి గొట్టాలుంటాయి, వాటిలో ద్రవం ఉంటుంది. తల తిరిగినప్పుడు ద్రవం కాస్త వెనకబడుతుంది. ఆ తేడాని బట్టే మనం తిరుగుతున్నామని మెదడుకి తెలుస్తుంది. అదే వేగంతో ఓ ఇరవై సెకండ్లు తిరుగుతూ పోతే ద్రవం కూడా గొట్టంతో సమానంగా తిరిగేస్తుంది. ఇక తేడా ఉండదు. నిటారుగా, తిన్నగా పోతున్నట్టే ఉంటుంది. అప్పుడు తిరగడం ఆపితే రెండో వైపుకి తిరుగుతున్నట్టు అనిపిస్తుంది. ఇక్కడున్న ఆడవాళ్లకి ఇది కొత్త కాదు. ఒప్పులకుప్ప ఆడి చేతులు వదిలేస్తే వాకిలంతా గిర్రున తిరిగేది కదా. తిరుగుతోందని చెప్పింది ఈ ద్రవమే. వాకిట్లో అయితే ఎదురుగా ఉన్న వేపచెట్టు మీద కళ్లు నిలిపితే సర్దుకుంటుంది. మబ్బులో వేపచెట్టు లేదు.

1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఈ విషయం మీద ఒక పరీక్ష చేశారు. మీటర్లు చూసి నడపడం రాని ఇరవై మందిని కూర్చోబెట్టి, బయట కనిపించకుండా చేశారు. ఇరవై మందీ విమానాన్ని అదుపు తప్పించారు. సగటున 178 సెకండ్లు పట్టింది. మూడు నిమిషాలు కూడా కాదు.

ఈ చెవిని పక్కన పెట్టి ఎగరొచ్చని మొదట చూపించినాయన జిమ్మీ డూలిటిల్. 1929 సెప్టెంబర్ 24న, న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లోని మిచెల్ ఫీల్డ్‌లో, తన సీటు మీద పూర్తిగా గుడ్డ కప్పించుకుని విమానం లేపి, తిప్పి, మళ్లీ అక్కడే దింపారు. ముందు సీట్లో బెన్ కెల్సీ అనే పైలట్ తోడుగా కూర్చున్నారు. డూలిటిల్ ముందు మూడు కొత్త పరికరాలున్నాయి. ఎత్తుని సన్నగా చూపించే కోల్స్‌మన్ ఆల్టిమీటర్ ఒకటి. స్పెర్రీ వాళ్లు చేసిన రెండు గైరోలు, విమానం ఒరిగిందో లేదో చూపించే కృత్రిమ హొరైజన్ ఒకటి, ముక్కు ఏ దిక్కుకి ఉందో చూపించే డైరెక్షనల్ గైరో ఇంకొకటి. ఈ చివరిదాన్ని గుర్తుపెట్టుకోండి. ఆ జులై మధ్యాహ్నం నా కథంతా దాని చుట్టూనే తిరిగింది. ఆ సంగతి నాకు తెలిసేసరికి పాఠం అయిపోయింది.

సరే, ఆ రోజుకి వద్దాం. పాత సెస్నా 172. పలక మీద ఆరు గుండ్రటి మీటర్లు: వేగం, హొరైజన్, ఎత్తు, పై వరసలో. మలుపు, దిక్కు, ఎక్కుతున్నామా దిగుతున్నామా, కింది వరసలో. చూపు ఎలా తిప్పాలో మొదటి రోజే చెప్తారు. హొరైజన్ బండి చక్రానికి ఇరుసు. ఇరుసు దగ్గర నుంచి ఒక ఆకు మీదకి, మళ్లీ ఇరుసు దగ్గరికి, అక్కడి నుంచి ఇంకో ఆకు మీదకి. ఎక్కడా రెండు సెకండ్లకి మించి ఆగకూడదు. వినడానికి తేలిగ్గా ఉంటుంది. జులైలో టెక్సస్ ఎండ, 4,000 అడుగుల ఎత్తులో కూడా విమానం గతుకుల రోడ్డు మీద ఆటోలా ఎగిరెగిరి పడుతోంది. చెమట కళ్లలోకి కారుతోంది. ఆ హుడ్ కింద చెయ్యి పెట్టి తుడుచుకునే లోపు వంద అడుగులు దిగిపోతాం.

ఆ రోజు పని హోల్డ్. హోల్డ్ అంటే ఆకాశంలో కాసేపు ఆగమనడం. విమానం ఆగలేదు కాబట్టి ఒకే చోట కోడిగుడ్డు ఆకారంలో తిరుగుతుంది. శంషాబాద్‌లో దిగేముందు మీ విమానం అవే చెరువుల మీద రెండు మూడు చుట్లు తిరిగిందంటే అది బహుశా హోల్డే. నేల మీదున్న వీఓఆర్ అనే రేడియో స్టేషన్ నుంచి అన్ని దిక్కులకీ గీతలు పోతున్నట్టు ఊహించుకోండి, వాటిని రేడియల్స్ అంటారు. దిక్కులన్నీ డిగ్రీల అంకెల్లోనే చెప్తారు: ఉత్తరం 360, తూర్పు 090, దక్షిణం 180. మా ఇన్‌స్ట్రక్టర్ ఇరవై నాలుగేళ్ల అమ్మాయి, చాలా నెమ్మదస్తురాలు. "బోన్‌హామ్ వీఓఆర్‌కి ఉత్తరాన, 360 రేడియల్ మీద హోల్డ్. కుడి మలుపులు" అంది. నేను నైరుతి నుంచి వస్తున్నాను. ముక్కు 040 వైపు ఉంది.

హోల్డ్‌లోకి దూరడానికి మూడు దారులున్నాయి, వచ్చే దిక్కుని బట్టి. ఇక్కడ పనికొచ్చేది ప్యారలల్. స్టేషన్ దాటాక ఒక నిమిషం ఉత్తరానికి పోయి, ఎడమకి తిరిగి, రేడియల్ మీదకి వచ్చి మళ్లీ స్టేషన్ మీదకి రావాలి. నేను కుడికి తిరిగాను. "కుడి మలుపులు" అన్న మాట బుర్రలో అలా పాతుకుపోయింది. హోల్డ్‌కి ఒక పక్క టవర్లూ గుట్టలూ తగలకుండా ఎక్కువ చోటు లెక్కగట్టి ఉంచుతారు, రెండో పక్క అంత ఉండదు. నేను ఆ రెండో పక్కకి పోయాను. ఆమె ఏమీ అనలేదు. కాగితం మీద ఏదో రాసుకుంది. హుడ్ కింద ఉన్నప్పుడు పక్కనున్నవాళ్లు కాగితం మీద రాస్తున్న చప్పుడు వినిపిస్తే ఎంత టెన్షనో పరీక్ష రాసినవాళ్లకి తెలుస్తుంది.

ఎలాగో హోల్డ్‌లో పడ్డాను. ఇప్పుడు గాలి. ఉత్తర టెక్సస్‌లో ఎక్కువగా వీచేది దక్షిణపు గాలి, ఆ రోజు ఇరవై నాట్లు, అంటే గంటకి ఇరవై నాటికల్ మైళ్లు. మా వేగం 90 నాట్లు. స్టేషన్ నుంచి దూరంగా పోతుంటే గాలి వెనక నుంచి తోస్తుంది, తిరిగొస్తుంటే ఎదురొస్తుంది. స్టేషన్ వైపు తిన్నగా తిరిగొచ్చే భాగాన్ని వచ్చే కాలు అంటారు, అది సరిగ్గా ఒక నిమిషం ఉండాలన్నది నియమం. నేను పుస్తకంలో ఉన్నట్టు ఒక నిమిషం పోయి తిరిగాను. వచ్చే కాలు రెండు నిమిషాల పది సెకండ్లు పట్టింది. ఇంటికొచ్చాక లెక్క వేస్తే, నేను పోవాల్సింది పదహారు సెకండ్లు. మలుపుల్లోనే గాలి మమ్మల్ని అంత దూరం తోసేసిందన్నమాట. పదహారు సెకండ్లంటే తిరగడం అవగానే గడియారం నొక్కి, ఊపిరి పీల్చుకుని మళ్లీ తిరగడమే. ఆ లోపు చెయ్యాల్సినవి ఐదు. టర్న్, టైమ్, ట్విస్ట్, థ్రాటిల్, టాక్. అన్నీ ఇంగ్లీషు "టీ" అక్షరంతో మొదలవుతాయి కాబట్టి గుర్తుంటాయంటారు. నాకు ట్విస్ట్ దగ్గర, అంటే వీఓఆర్ మీటరు ముల్లు తిప్పే బుడిపె దగ్గర, చూపు అతుక్కుపోయింది. తలెత్తేసరికి 300 అడుగులు దిగిపోయాం. పరీక్షలో వంద దాటకూడదు.

ఇక్కడ ఒక్క మాట. చూపు ఒకచోట అతుక్కోవడం కొత్తగా నేర్చుకునేవాళ్లకే వచ్చే జబ్బు కాదు. 1972 డిసెంబర్ 29న మయామి దగ్గర ఈస్టర్న్ 401 అనే పెద్ద విమానంలో ముందు చక్రం బల్బు వెలగలేదు. అనుభవజ్ఞులైన సిబ్బంది మొత్తం ఆ బల్బు మీద పడ్డారు. ఎత్తు నిలిపి ఉంచే ఆటోపైలట్ తప్పుకుని విమానం నెమ్మదిగా దిగుతోందని ఎవరూ చూడలేదు. 101 మంది పోయారు. చక్రం బాగానే ఉంది, మాడిపోయింది బల్బు. ఈ కథ నాకు అప్పటికే తెలుసు. పరీక్షకి చదివాను కూడా. చదవడం వేరు.

తర్వాత జరిగింది ఇంకా చిన్న విషయం. మోకాలికి కట్టుకునే పలక మీద నుంచి పెన్సిల్ జారి కింద పడింది. కుడి మలుపులో ఉన్నాం. వంగి పెన్సిల్ అందుకుని తలెత్తాను. విమానం ఎడమకి దొర్లి పడిపోతోంది. అలా "అనిపించింది" అని ఇప్పుడు అంటున్నాను గానీ, అప్పుడు అనిపించడం లేదు, పడిపోతోంది అంతే. పొట్టలో తెలుస్తోంది. కుర్చీ కిందికి ఒరుగుతోంది. ఎదురుగా హొరైజన్ మీటరు మాత్రం కుడికి మామూలుగా ఒరిగి ఉన్నామని ప్రశాంతంగా చూపిస్తోంది. నేను ఆ మీటరుని చూశాను. చూసి కూడా నా చెయ్యి యోక్‌ని, అంటే విమానం స్టీరింగ్‌ని, ఇంకా కుడికి తిప్పింది. నలభై డిగ్రీలు ఒరిగిపోయాం. పక్క నుంచి "వింగ్స్" అని ఒక్క మాట వినిపించింది. రెక్కలు సమం చేశాను. పళ్లు బిగబట్టి చెయ్యాల్సొచ్చింది, ఎందుకంటే సమంగా ఉన్నప్పుడే ఎక్కువ ఒరిగినట్టుంది. మలుపులో ఉండగా తల వంచి ఎత్తితే చెవిలో ఇంకో గొట్టం ద్రవం కదులుతుంది, అందుకే అలా జరుగుతుందని తర్వాత వివరించింది. నాకు ఆ సమయంలో తోచింది ఒకటే. నలభై ఏళ్లుగా నమ్ముకున్న ఒళ్లు నాకు అబద్ధం చెప్పింది.

కాబట్టి పట్టుదలగా ఒక నిర్ణయం తీసుకున్నాను. ఇక మీటరు ఏది చెప్తే అదే నిజం. ఒంటి మాట వినను. మంచి నిర్ణయమే కదా? తిరుగు ప్రయాణంలో అదే నన్ను ముంచింది.

మెకినీలో 18 నంబరు రన్‌వేకి ఐఎల్ఎస్ ఉంది, బయట కనిపించకపోయినా రన్‌వే వైపు దింపే రేడియో ఏర్పాటు. రన్‌వే నుంచి రెండు రేడియో కిరణాలు వస్తాయి. ఒకటి ఎడమా కుడీ చెప్తుంది, అది లోకలైజర్. రెండోది మూడు డిగ్రీల వాలులో కిందికి దింపుతుంది. మన ముందు రెండు ముళ్లు, ఒకటి నిలువు, ఒకటి అడ్డం. రెండూ మధ్యలో ఉంటే రన్‌వే వైపు పోతున్నట్టు. నిలువు ముల్లు చాలా చురుకు, రెండున్నర డిగ్రీలు తప్పితే అంచుకి పోతుంది.

నేల మీద నుంచి తెర మీద మమ్మల్ని చూస్తూ దారి చెప్పే రీజనల్ అప్రోచ్ కంట్రోలర్ "210 హెడింగ్ తీసుకుని లోకలైజర్ అందుకోండి" అన్నాడు. హెడింగ్ అంటే ముక్కు ఉన్న దిక్కు. డైరెక్షనల్ గైరో మీద 210 పెట్టాను. అరనిమిషం తర్వాత అతనే "మీ హెడింగ్ ఎంత?" అని అడిగాడు. "210" అన్నాను. "సరే" అన్నాడు. ఆ ప్రశ్న ఎందుకు అడిగాడో నేను ఆలోచించలేదు. ముల్లు కదిలింది. 180కి తిరిగాను. ముల్లు ఎడమకి పోతోంది, అంటే నేను కుడికి తప్పిపోతున్నాను. పుస్తకంలో ఉన్నట్టే పది డిగ్రీలు ఎడమకి, 170కి తిప్పాను. ఇంకా ఎడమకే పోతోంది. గాలి తోస్తోందా? గాలి ఎదురుగా ఉంది, పక్క నుంచి లేదు. నాకేమీ అర్థం కావడం లేదు. ముల్లునే చూస్తున్నాను. ముల్లు అంచుకి వెళ్లి ఆగిపోయింది.

ఇన్‌స్ట్రక్టర్ అప్రోచ్ ఆపేయించి, "హుడ్ తీసెయ్" అంది. తీశాను. వెలుతురు ఒక్కసారిగా కళ్లలో పడింది. రన్‌వే ఎక్కడో ఎడమ పక్కన, తెల్లగా, నిక్షేపంగా ఉంది. ఆమె వేలు పైకెత్తి అద్దం మీద వేలాడుతున్న అయస్కాంత దిక్సూచిని చూపించింది. అది 185 అంటోంది. గైరో 170 అంటోంది. పదిహేను డిగ్రీల తేడా.

అంటే 210 అనుకున్నప్పుడు నేను 225 మీద ఉన్నాను. ఎడమకి దిద్దుకున్నానని అనుకున్నప్పుడు కూడా ఇంకా కుడికే పోతున్నాను. కంట్రోలర్ తన తెర మీద ఆ వంకర చూసే అడిగాడు.

ఎందుకిలా అంటే, గైరో అనేది బొంగరం. తిరుగుతున్న బొంగరం తన దిశ వదలదు. కానీ అది పట్టుకునే దిశ భూమిది కాదు, ఆకాశానిది. కింద భూమి తిరిగిపోతుంటుంది. ఆ ఒక్క కారణం వల్లే మనం ఉన్న అక్షాంశంలో గైరో గంటకి దాదాపు 8 డిగ్రీలు పక్కకి జరిగినట్టవుతుంది. మిగతాది పాత బేరింగుల అరుగుదల. అందుకని ప్రతి పదిహేను నిమిషాలకీ దిక్సూచి చూసి గైరోని సరిచెయ్యాలి. దిక్సూచి మలుపుల్లో ఊగుతుంది, తిన్నగా పోతున్నప్పుడే సరిగ్గా చూపిస్తుంది. పైగా అది అద్దం పైన ఉంటుంది. హుడ్ పెట్టుకుంటే తల బాగా వెనక్కి వంచితే గానీ కనిపించదు. బయల్దేరే ముందు నేల మీద ఒకసారి సరిచేశాను. తర్వాత గంటపైన దిక్సూచి వైపు చూడలేదు. డూలిటిల్ ముందున్న గైరో కూడా ఈ జాతిదే. తొంభై ఏళ్లయినా దాని గుణం మారలేదు.

దిగాక ఆమెని అడిగాను. నాకు కోపంగా ఉంది, దాచుకోలేదు. "నీకు కనిపించింది కదా, ముందే చెప్పొచ్చు కదా?" అన్నాను. నన్ను పరీక్షించడానికి కావాలనే ఊరుకుందని నేను గట్టిగా నమ్మాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "కంట్రోలర్ అడిగేదాకా నేను కూడా చూడలేదు. బయట విమానాలు చూసుకుంటున్నాను. అతను అడిగాక తలెత్తి చూశాను" అంది. ఆ మాట అనడానికి ఆ వయసులో ఎంత నిజాయితీ కావాలో నాకు కార్లో కూర్చున్నాక అర్థమైంది. అప్పుడు మాత్రం కోపం ఇంకా పెరిగింది.

మూడు వారాలు విమానాశ్రయం వైపు పోలేదు. మా అమ్మాయి ఏడో తరగతి. "మానేశావా అమ్మా?" అని అడిగింది. దానికి జవాబు చెప్పలేక, ఒక సాయంత్రం సుద్దముక్క తీసుకుని డ్రైవ్‌వేలో పెద్ద హోల్డ్ గీశాను. ముగ్గు వేసినంత పెద్దది. అది మెట్ల మీద కూర్చుని కాగితంలో చూసి "స్టేషన్‌కి తూర్పున, 090 రేడియల్, ఎడమ మలుపులు" అని అరిచేది. నేను నడిచేదాన్ని. తప్పు పక్కకి తిరిగితే "అమ్మా, అటు కాదు" అనేది. మూడో రోజుకి దానికి ప్యారలల్, ఆ మూడు దారుల్లో ఇంకొకటైన టియర్‌డ్రాప్ నాకన్నా బాగా వచ్చేశాయి. మొదటి కాలు నడిచిన ప్రతిసారీ తలెత్తి చూరు వైపు చూడమని నేనే నియమం పెట్టుకున్నాను, దిక్సూచి అక్కడుందనుకుని. మర్చిపోతే అది చెప్పేది. నాలుగో వారం మళ్లీ పాఠం పెట్టించుకున్నాను.

(సభలో ఒకరు: ఇప్పుడన్నీ జీపీఎస్‌లు, ఐప్యాడ్‌లు కదండీ? ఇంత కష్టం దేనికి?)

మంచి ప్రశ్న అడిగారు బాబాయిగారూ. కొత్త విమానాల్లో ఈ ఆరు మీటర్లకి బదులు రెండు తెరలుంటాయి, దిక్కుని సెన్సర్ తనే సరిచేసుకుంటుంది. ఆ బాధ తీరిపోయింది. కానీ ఆ రోజు మా పాత సెస్నాలో కూడా జీపీఎస్ ఉంది. విమానం నేల మీద అసలు ఏ దిశలో పోతోందో ఒక మూల చిన్న అంకెగా చూపిస్తూనే ఉంది, గంటన్నరా. దిక్సూచి చెప్పింది, జీపీఎస్ చెప్పింది, కంట్రోలర్ ప్రశ్న రూపంలో చెప్పాడు. ముగ్గురు సాక్షులు. నేను నాలుగో సాక్షి ఒక్కడి మాటే విన్నాను. ఒంటిని నమ్మొద్దన్నారు కదా అని మీటర్లన్నింటినీ వదిలేసి ఒక్క మీటరుని పట్టుకున్నాను. నేను మీతో పంచుకోవాలనుకున్నది ఇదేనండీ. మీ పిల్లలు ఎవరైనా ఈ శిక్షణలో ఉంటే, "ఇన్‌స్ట్రుమెంట్స్‌ని నమ్ము" అని వాళ్లకి పదే పదే చెప్తారు. ఏ ఇన్‌స్ట్రుమెంట్‌ని, దేనితో పోల్చి చూశాక, అని వాళ్లని అడగండి.

(సభలో ఒకరు: మరి నిజం మబ్బులోకి ఎప్పుడు వెళ్లారమ్మా?)

ఆ నవంబర్‌లో. పొద్దున్నే బూడిదరంగు మబ్బు, ఊరంతా కప్పేసింది. ఇన్‌స్ట్రక్టర్ పక్కనే ఉంది. హుడ్ లేదు, అవసరమే లేదు. లేచిన కాసేపటికి అద్దం తెల్లగా అయిపోయింది, రెక్క చివర కూడా కనిపించలేదు. ఎడమకి ఒరుగుతున్నట్టు వెంటనే అనిపించింది. హొరైజన్ చూశాను, సమంగా ఉంది. మలుపు చూపించే మీటరు చూశాను, అది కూడా అదే అంది. తిన్నగా పోతున్నాం కాబట్టి తలెత్తి దిక్సూచి చూశాను. నాలుగు డిగ్రీల తేడా ఉంది. బుడిపె నొక్కి తిప్పి సరిచేశాను. ఆమె కాగితం మీద ఏమీ రాసుకోలేదు.

ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేశాను, అక్కడ తెల్లారింది. మబ్బులోకి వెళ్లొచ్చానని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "లోపల ఎలా ఉంటుందే? తడిగా ఉంటుందా?" అని అడిగింది. అద్దం మీద సన్నటి నీటి చుక్కలు పుట్టి, పైకి పాకుతూ పోతాయమ్మా అని చెప్పాను. "పైకా?" అంది. అవును, పైకే అన్నాను.